పసుపు డ్రైవుకు వేడి చేసింది

నేను ఏం ఉద్యోగం చేశానో మా ఇంట్లో వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు" అనేసి మాట మారుస్తారు. నిజానికి నేను చేసింది, అరచేతిలో పట్టేంత ముక్కను పట్టుకుని అది కుయ్యో మొర్రో అనేదాకా సతాయించడం. ఆ ముక్క పేరు సాలిడ్ స్టేట్ డ్రైవ్. వెనకటి హార్డ్ డిస్కుల్లో పళ్ళేలు గిర్రున తిరిగేవి. ఇందులో తిరిగేది ఏదీ ఉండదు, అన్నీ చిప్పులే. మనం ఇచ్చింది దాచుకోవాలి, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. ఎంత త్వరగా ఇస్తుంది, ఎన్నాళ్ళు నమ్మకంగా ఇస్తుంది అన్న రెండు ప్రశ్నల మీదే నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. టెస్టింగ్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏంటి మేడమ్ అని అడుగుతారు. ఒక్కోసారి వెనక్కి వెళ్ళి చూడండి అంటాను. అవతల పెన్ను వెతుకుతున్న చప్పుడు. నేనేదో జీవిత సత్యం చెప్పానని రాసుకుంటున్నారేమో. నేను చెప్పేది యంత్రాలు పేర్చే ఇనప ర్యాక్ వెనక్కి. ఎందుకు చెబుతానో తెలియాలంటే నా ఆఖరి కార్తీక మాసం సంగతి వినాలి.

మా ల్యాబ్ హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో ఉండేది. మా కంపెనీ ఆస్పత్రులకు యంత్రాలు అమ్మేది. స్కానింగుల్లో, ఎక్స్‌రేల్లో తీసిన బొమ్మలన్నీ భద్రంగా దాచే పెట్టెలన్నమాట. ఆ పెట్టెల్లోకి కొత్తగా ఏ కంపెనీ డ్రైవులు కొనాలో తేల్చే పని నాకు అప్పగించారు. రిటైర్మెంటుకు ముందు నా చేతికి వచ్చిన చివరి పని అది. వడపోసి వడపోసి ఇద్దరిని మిగిల్చాం. పేర్లు చూసి పక్షపాతం రాకూడదని ఒక కంపెనీ డ్రైవులకు నీలం టేపు, ఇంకో కంపెనీ వాటికి పసుపు టేపు అంటించాం. రెండు ఒకేలాంటి సర్వర్లలో బిగించి, ఒకే ర్యాక్‌లో పైనొకటి కిందొకటి పెట్టాం. ఇక ఏది ఎవరిదో మాకే తెలియదని గర్వపడుతుంటే, పసుపు కంపెనీ మనిషి మొదటి రోజే వచ్చి "మన పసుపు ఎలా ఉందండీ?" అని అడిగారు. మా రహస్యం అంతటితో సరి.

నీలం కంపెనీ పెద్దది. వాళ్ళ ఇంజనీరు ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని వారానికోసారి వీడియోలో దర్శనమిచ్చేవాడు. పసుపు కంపెనీ చిన్నది. వాళ్ళకు హైదరాబాదులో ఉన్నదే గుప్పెడు మంది. వాళ్ళలో పెద్దాయన రోజూ తెల్లాపూర్ నుంచి వచ్చి, మెడలో విజిటర్ బ్యాడ్జి వేసుకుని, ల్యాబ్ తలుపు పక్కన కుర్చీలో కూర్చునేవారు. కాకినాడ దిక్కు మనిషి. మాటకు ముందు అండి, మాటకు వెనక అండి. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న చుట్టంలాగా మా మొహాలు చూస్తూ ఉండేవారు. పొద్దున ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి లోపలికి వెళ్ళి డ్రైవుల లైట్లు చూసి వస్తానని అడిగితే, పాపం అనిపించి సరేననేదాన్ని.

ఇంకొకరిని పరిచయం చెయ్యాలి. నా పక్క సీటులో సూర్యాపేట ఆమె. ఇద్దరు పిల్లల తల్లి, పని రాక్షసి. ఆమెకు ప్రపంచంలో ప్రతిదానికీ కారణం తెలుసు. ఆ కారణం ఎప్పుడూ తప్పే, కానీ ఆమె చెప్పే తీరుకు ఎదుటివాళ్ళు తలూపక తప్పదు. నేను కొత్తగూడ మనిషిని. ఫ్లైఓవర్ రాకముందు నుంచీ ఉన్న ఇల్లు మాది. నాకు కోపం ఎక్కువని ఆఫీసంతా చెప్పుకునేవారు, అది విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ల్యాబ్ తలుపు మీద "లోపల తినరాదు, తాగరాదు" అని బోర్డు పెట్టింది నేనే. ఒకసారి కీబోర్డులో మురుకుల పొడి దొరికితే, ఎవరిదో తేలేదాకా ఎవరినీ టీకి కదలనివ్వలేదు.

మొదటి వారాల్లో నీలం, పసుపు సమానంగా పరిగెత్తాయి. ఒక రోజు ఇది అర అంగుళం ముందు, ఒక రోజు అది. దీపావళి అయ్యింది, కార్తీకం వచ్చింది. దానితో పాటు తెల్లాపూర్ ఆయన క్యారియర్ వచ్చింది.

అంతవరకూ ఆయన చిన్న డబ్బా తెచ్చుకుని, అందరిలాగే ప్యాంట్రీలో ఓవెన్‌లో వేడి చేసుకుని తినేవారు. కార్తీకంలో నలుగురికి పెడితే పుణ్యమని వాళ్ళావిడ పెద్ద స్టీలు క్యారియర్ కట్టి పంపడం మొదలుపెట్టింది. గిన్నె మీద గిన్నె ఎత్తుగా పేర్చి, మందపాటి తుండుగుడ్డ చుట్టి, గోతం లాంటి సంచిలో పెట్టి ఇచ్చేది. కంద బచ్చలి కూర, ముద్దపప్పు, చారు, గడ్డ పెరుగు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అయినా గిన్నె అడుగు కనబడేదాకా ఎవరమూ లేచేవాళ్ళం కాదు. సరుకు అమ్మే వెండర్ దగ్గర ఉచితంగా ఏదీ తీసుకోకూడదని మా ఆఫీసు నియమం. నియమాల మనిషిని కదా, బాగా ఆలోచించి జొన్నరొట్టెలు తేవడం మొదలుపెట్టాను. ఆయన కూర మేము తింటే, మా రొట్టె ఆయన తినాలి. అప్పుడది లంచం కాదు, మారకం. ఈ వాదన మీద ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు గనుక అది చెల్లిపోయింది.

మా వనభోజనం అలా క్యాంటీన్‌లో ప్లాస్టిక్ మొక్కల పక్కన రోజూ జరిగేది. గిన్నె మూత తీస్తే పొగలు వచ్చేవి. పొద్దున ఎప్పుడో వండిన కూర, ఓవెన్ మొహం చూడని కూర, మధ్యాహ్నానికి నోరు కాలేంత వేడిగా ఉండేది. పొద్దస్తమానం ప్రతిదాన్నీ అనుమానించడమే మా ఉద్యోగం. అయినా ఇది ఇంత వేడిగా ఎలా ఉందని మాలో ఒక్కరూ అడగలేదు. ఆకలి వేళ అనుమానాలు పుట్టవు కాబోలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పసుపు డ్రైవుకు రోగం వచ్చింది.

పొద్దున బాగానే ఉండేది. భోజనానికి ముందు మెల్లగా వేగం పడిపోయేది. భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ లేచి పరిగెత్తేది. వేడి చూస్తే పైకి ఎక్కి ఉండేది. డ్రైవుకు వేడి ఎక్కువైతే తనను తాను కాపాడుకోవడానికి పని నెమ్మది చేసుకుంటుంది, అది దాని స్వభావం. కానీ పక్కనే ఉన్న నీలం చల్లగా ఉండి, ఇదొక్కటే ఎందుకు ఉడుకుతోంది?

"దానికి వేడి చేసింది మేడమ్," అంది సూర్యాపేట ఆమె, సబ్జా గింజలు నానబెట్టి తాగించాలన్నంత నమ్మకంగా.

తర్వాత ఆమె కారణాలు వరసగా వచ్చాయి. దీపావళి రాత్రి కరెంటు హెచ్చుతగ్గులకు డ్రైవ్ బెదిరిందట. అద్దంలోంచి ఎండ పడుతోందట. ఎండ పడే కిటికీకి ల్యాబ్‌కి మధ్య గోడ ఉందని నేను చూపిస్తే, గోడ వేడెక్కుతుంది కదా అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం గోడ మీద అరచేతులు పెట్టి నిలబడ్డాం. అటుగా వెళ్తున్న మా డైరెక్టర్ ఆగి, మమ్మల్నీ గోడనూ చూసి, ఫోన్ చెవిన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఏసీ వాళ్ళను పిలిపించాం. వాళ్ళు నిచ్చెన వేసి ఎక్కి, ఏసీ బాగానే ఉంది, మీ మిషనే పరేషాన్‌లో ఉందని చెప్పి దిగారు.

పిల్లలూ, ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. తప్పు డ్రైవుదా, సర్వర్‌దా తేలాలంటే రెండిటినీ మార్చి పెట్టాలి. పసుపు వాటిని తీసి నీలం ఉన్న సర్వర్‌లో, నీలం వాటిని పసుపు సర్వర్‌లో. రోగం పాత సర్వర్‌లోనే ఉండిపోతే తప్పు సర్వర్‌ది. డ్రైవ్ వెంట వెళ్తే తప్పు డ్రైవ్‌ది. ఇంతకంటే నికార్సయిన పరీక్ష లేదని నేను ఎందరికో పాఠం చెప్పాను. తెల్లాపూర్ ఆయన కళ్ళ ముందే మార్చి బిగించాం. మర్నాడు భోజనానికి ముందు, రోగం బుద్ధిగా పసుపు డ్రైవ్ వెంట కొత్త సర్వర్‌లోకి వెళ్ళింది.

ఇక అనుమానమే లేదు. రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. నీలం పాస్. పసుపు, వేడికి ఆగదు.

ఆ సాయంత్రం కింద టీ బండి దగ్గర ఆయన నా కోసం కాచుకుని ఉన్నారు. నా మొహంలో రిపోర్టు చదివేసినట్టున్నారు. చేతిలో టీ గ్లాసు అలాగే చల్లారిపోతోంది.

"మీరు రాసేది న్యాయంగానే రాస్తారండి, అందులో నాకు సందేహం లేదు," అన్నారు. "ఒక్క మాట చెప్పి వెళ్దామని నిలబడ్డానండి. ఈ ఆర్డర్ రాకపోతే మా హైదరాబాద్ ఆఫీసు మూసేస్తారు. నన్ను ఎక్కడో అక్కడ సర్దుతారు లెండి. మిగతా వాళ్ళంతా నేను ఉద్యోగం మాన్పించి తెచ్చుకున్న పిల్లలండి."

మనిషి మంచివాడని డ్రైవ్ పాస్ చెయ్యలేం కదా. రేపు ఏ ఆస్పత్రిలోనో డాక్టర్ ఒక స్కాన్ కోసం కూర్చుంటే, ఈ డ్రైవ్ ఆవులిస్తూ కూర్చుంటే? అదే ఆయనతో అన్నాను. ఆయన తలూపి, "నిజమేనండి, మీ చోట ఉంటే నేనూ అదే రాస్తాను," అన్నారు. ఆయన ఒక్క మాట వాదించినా నాకు తేలిగ్గా ఉండేది. ఆ రాత్రి మా ఇంట్లో అందరి మీదా ఊరికే అరిచాను.

వచ్చే మంగళవారం డైరెక్టర్, కొనుగోళ్ళ విభాగం వాళ్ళు ల్యాబ్‌కి వచ్చి, పరీక్ష కళ్ళారా చూసి నిర్ణయం చేస్తారని తేలింది.

ఈలోగా సోమవారం వచ్చింది. సూర్యాపేట ఆమె తెర ముందు కూర్చుని మూతి తిప్పుతోంది. పసుపు డ్రైవ్ ఆ రోజు పొద్దున్నుంచీ గుర్రంలాగా పరిగెత్తుతోంది. భోజనం వేళ దాటింది, తగ్గలేదు. పాత లెక్కలు తీసి చూసింది. కిందటి సోమవారమూ అంతే. అంతకు ముందుదీ అంతే. శని ఆదివారాల్లో కరెంటు పీకి మళ్ళీ పెట్టే పరీక్షలు నడిచేవి గనుక వేగం సంగతి తెలియదు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మాత్రం రోగం తప్పకుండా వచ్చింది.

"ఏంది మేడమ్ గిది, కార్తీక సోమవారం ఒక్కపొద్దు ఉంటున్నదా ఏంది?" అంది. "నోట్లె ఏం పెట్టుకోకుంటెనే హుషారుగున్నది."

నవ్వాం. నవ్వి క్యాంటీన్‌కి వెళ్ళి లైనులో నిలబడ్డాం. సోమవారాలు తెల్లాపూర్ ఆయనకు ఉపవాసం. నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళే. వాళ్ళావిడ పగలు పొయ్యి వెలిగించదు, క్యారియర్ రాదు, మాకు క్యాంటీన్ సాంబారే గతి. సూర్యాపేట ఆమె ఆ సాంబారులో గరిటె తిప్పుతూ, ముక్క దొరక్క, విసుగ్గా గొణిగింది.

"సోమవారం డ్రైవ్ మంచిగుంటది. మనకేమో తిండి మంచిగుండదు."

నా చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. వెనకున్న వాళ్ళు జరగమంటున్నారు. నేను జరగలేదు. డ్రైవ్ బాగున్న రోజు క్యారియర్ లేదు. క్యారియర్ ఉన్న రోజు డ్రైవ్ బాగాలేదు. క్యారియర్ మొదలైంది కార్తీకంలో, రోగం మొదలైందీ కార్తీకంలో. ముద్దపప్పుకీ డ్రైవుకీ ఏం సంబంధమో నాకు ఆ క్షణంలో తెలియదు, కానీ పొగలు కక్కే ఆ గిన్నె మూత గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. సూర్యాపేట ఆమెకు కూడా చెప్పలేదు. చెబితే గంటలో ఆమెకు కారణం దొరుకుతుంది.

మంగళవారం భోజనానికి ముందు తెల్లాపూర్ ఆయన మామూలుగా లైట్లు చూసి వస్తానని లోపలికి వెళ్ళారు. భుజాన సంచి ఉంది. తిరిగి వచ్చారు. సంచి లేదు. ఇన్నాళ్ళూ ఈ మాత్రం ఎలా చూడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన కుర్చీలో కూర్చోగానే నేను లేచి ర్యాక్ వెనక సందులోకి దూరాను.

ఆ సందులోకి ఎవరూ వెళ్ళరు. సర్వర్ల లోపలి వేడిగాలంతా ఫ్యాన్లు అటువైపు తోసేస్తాయి. మే నెల రోడ్డు మీద నిలబడ్డట్టు ఉంటుంది. అక్కడ, పసుపు సర్వర్ వెనక, ఎప్పుడో ఎవరో సర్వర్‌కొకటి చొప్పున బిగించి వదిలేసిన ఇనప ట్రేల్లో ఒకదాని మీద, క్యారియర్ కూర్చుని ఉంది. వేడి బయటికి పోకుండా ఆయన తుండుగుడ్డను క్యారియర్ మీంచి సర్వర్ అంచుదాకా పరదాలాగా కప్పారు. గాలి బయటికి వచ్చే దారి మొత్తం మూసుకుపోయింది. ఫ్యాన్లు ప్రాణం పోయేలా అరుస్తున్నాయి. ల్యాబ్‌లో ఎప్పుడూ ఉండే హోరులో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది?

ఆయన్ను పిలిచి చూపించాను.

"గిదేంది సార్?"

"కూరండి," అన్నారు. తర్వాత తలుపు మీది బోర్డు వైపు కంగారుగా చూశారు. "లోపల తినకూడదని రాశారని ఎప్పుడూ మూత కూడా తియ్యలేదండి. కార్తీకంలో ఆ ఓవెన్‌లో పెట్టలేను కదండీ, అందులో అందరూ చేపలు వేడి చేస్తారు. ఇక్కడ వేడిగాలి ఊరికే పోతోంది కదా అని."

"పసుపు దాని వెనకనే ఎందుకు పెట్టిన్రు? డ్రైవులు మార్చి పెడితె మీరు గూడ డబ్బా మార్చిన్రా?"

"మార్చానండి," అన్నారు, అడగడమే వింత అన్నట్టు. "నీలం వాళ్ళ మిషన్ మీద నా డబ్బా పెట్టడం ధర్మం కాదు కదండీ. వాళ్ళ మనిషి ఇక్కడ లేడు. ఏదైనా తేడా వస్తే పోటీలో ఉన్నవాడిని, నేనే చేశానంటారు. మనదైతే మన ఇష్టం."

నేను తుండుగుడ్డ పైకెత్తాను. ఫ్యాన్ల హోరు తగ్గింది. ఆయన ఆ గుడ్డ వైపు, నా వైపు, పసుపు టేపు వైపు చూశారు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూశాను.

"నేనేనాండీ?" అన్నారు. "నెలంతా దాన్ని నేనే ఉడకబెట్టానాండీ?"

ఆయన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. సూర్యాపేట ఆమె మంచినీళ్ళు తెచ్చింది. తన కారణాలన్నిటినీ దాటి ఇలాంటిది జరిగినందుకు ఆమెకు పిచ్చి ఆనందంగా ఉంది, దాచుకోలేకపోతోంది. సరిగ్గా అప్పుడే డైరెక్టర్, కొనుగోళ్ళ వాళ్ళు లోపలికి వచ్చారు.

మా డైరెక్టర్ మర్యాదస్తుడే గానీ ఓపిక తక్కువ. ఆ మధ్య ఆయన మనసంతా కోకాపేటలో కట్టించే కొత్త ఆఫీసు మీదే ఉండేది. నేను జరిగింది చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన క్యారియర్‌ను ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, మీరు వచ్చే నెల రిటైర్ అవుతున్నారు కదా మేడమ్ అన్నారు. దయగా అన్నారు, అందుకే ఒళ్ళు మండింది. గుడ్డ కప్పినందువల్లే అని ఏంటి నమ్మకం, డ్రైవ్‌లోనే లోపం ఉందేమో, నీలం అయితే అదే వేడిని తట్టుకునేదేమో అని ఆయన వాదన. నిజం చెప్పొద్దూ, వాదన సరైనదే.

"అయితె నీలం వెనక గూడ పెడదాం," అన్నాను. "గిదే డబ్బా. గిదే గుడ్డ."

కుర్చీలోంచి తెల్లాపూర్ ఆయన లేచి నిలబడ్డారు. వద్దండి అన్నారు. వాళ్ళ మనిషి లేనప్పుడు వాళ్ళ మిషన్‌ను ఇబ్బంది పెట్టడం తప్పని, కావాలంటే ఆయన కంపెనీ ఓడిపోయిందని రాసేసుకోమని. నాకు ఆయన్ను దండం పెట్టి కొట్టాలనిపించింది. చివరికి వీడియోలో నీలం ఇంజనీరును నిద్ర లేపి, ఒప్పించాక గానీ ఆయన క్యారియర్ మీంచి చెయ్యి తియ్యలేదు. నీలం ఇంజనీరు నవ్వి, హాయిగా పెట్టుకోండి, మా డ్రైవ్ దేనికీ నెమ్మదించదు అన్నాడు.

క్యారియర్‌ను నీలం సర్వర్ వెనక ట్రే మీద కూర్చోబెట్టి, తుండుగుడ్డ కప్పాం. సూటు వేసుకున్న కొనుగోళ్ళ వాళ్ళు, డైరెక్టర్, అందరం తెర ముందు నిలబడ్డాం. భోజనం వేళ దాటిపోతోంది. సందులోంచి కంద బచ్చలి వాసన మెల్లగా వస్తోంది. ఎవరి కడుపో గట్టిగా మూలిగింది.

నీలం వేగం తగ్గలేదు. వేడి ఎక్కుతోంది, గీత మాత్రం తిన్నగా పోతోంది. డైరెక్టర్ నా వైపు చూసి, చూశారా మేడమ్, తట్టుకుంటోంది అన్నారు. వీడియోలో ఇంజనీరు కాఫీ తాగుతున్నాడు. తెల్లాపూర్ ఆయన నేల చూపులు చూస్తున్నారు. నాకు ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది. టీ బండి దగ్గర చెప్పిన పిల్లలు గుర్తొచ్చారు, ఎవరి మొహాలూ చూడకపోయినా.

అప్పుడు గీత ఆగిపోయింది. కిందికి పడలేదు, ఆగిపోయింది. సూర్యాపేట ఆమె కీబోర్డు మీద టకటకా కొట్టి చూసి, ఇటు తిరిగింది.

"డ్రైవ్ లేదు మేడమ్," అంది. "చెడిపోయిందని గాదు. అసలుకే లేదంటున్నది."

వేడికి నెమ్మదించడం తెలియని డ్రైవ్, భరించలేని చోట ఒక్కసారిగా కళ్ళు తిరిగి పడిపోయింది. కరెంటు తీసి, చల్లార్చి మళ్ళీ పెడితే లేచింది గానీ, పడిపోయే ముందు రాసుకున్న దాంట్లో కొంత మాయమైంది. వెంటనే పసుపు డ్రైవుల్లో నెలంతా రాసినదాన్ని మొదటి నుంచి సరిచూశాం. రోజూ మధ్యాహ్నం ఉడికింది, రోజూ నెమ్మదించింది, ఒక్క ముక్క పోగొట్టలేదు. ఆస్పత్రిలో డాక్టర్ కాస్త ఆగగలడు, పేషెంటు స్కాన్ మాయమైతే ఏం చేస్తాడు? ఈ మాట నేను అనబోతుంటే డైరెక్టరే కొనుగోళ్ళ వాళ్ళతో అన్నారు, తనకే తట్టినట్టు. పోనీలే అనుకున్నాను.

వీడియోలో ఇంజనీరు కాఫీ కప్పు పక్కన పెట్టి, ఆ అడ్డం పెట్టిన వస్తువు కొలతలు పంపమన్నాడు. ఎత్తు, చుట్టుకొలత, ఏ లోహం. లోపల ఏం నింపారని అడిగాడు. కంద బచ్చలి, ముద్దపప్పు అని చెప్పాం. శ్రద్ధగా రాసుకున్నాడు.

ఒక్క డబ్బాను నమ్మి కొనెయ్యలేదు లెండి. కొలిచి కోసిన అట్టలు అడ్డం పెట్టి, రెండు కంపెనీల వాళ్ళూ చూస్తుండగా మళ్ళీ మళ్ళీ చేశాం. ప్రతిసారీ అదే ఫలితం. ఆర్డర్ పసుపుకు వెళ్ళింది. తెల్లాపూర్ ఆయన ఆఫీసు మూతపడలేదు. ఆ వార్త చెప్పిన రోజు ఆయన నా రొట్టె సగం తుంచుకుని తిని, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు.

కానీ క్యారియర్ ఇరుక్కుపోయింది. ఫలితం రుజువు చెయ్యాలంటే అదే వస్తువు ఉండాలని డైరెక్టర్ దాన్ని ల్యాబ్ సామాను కింద జమ చేయించారు. దాని నడుము మీద కంపెనీ స్టిక్కర్ పడింది. తుండుగుడ్డకు కూడా వేరే స్టిక్కర్ వేశారు. తెల్లాపూర్ ఆయన ప్లాస్టిక్ డబ్బాల్లో అన్నం తెచ్చుకోసాగారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ అని, దాన్ని విడిపించకపోతే ఆర్డర్ వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే అని వాళ్ళావిడ అందట. ఇక అట్టలు ఉన్నాయి కదా, దాన్ని వదిలెయ్యండని నేను డైరెక్టర్‌తో పోట్లాడి పోట్లాడి ఒప్పించేసరికి నా ఆఖరి రోజు వచ్చేసింది.

ఆ రోజు మామూలుగానే శాలువా కప్పారు. పూలగుత్తి ఇచ్చారు. నాకు కోపం ఎక్కువని అందరూ ప్రేమగా చెప్పారు, నేను ప్రేమగానే కోప్పడ్డాను. సూర్యాపేట ఆమె ఏడుస్తూ, తన కళ్ళనీళ్ళకు ఏసీ కారణమంది. సాయంత్రం వెళ్ళబోతుంటే తెల్లాపూర్ ఆయన క్యారియర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. మధ్యాహ్నం వాళ్ళావిడ పంపిన వంటలో నా వాటా అందులో తీసి ఉంచారట. డబ్బా రేపు కొత్తగూడ వచ్చి తీసుకుంటానన్నారు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. పాలమూరు దిక్కు మనిషి, నేను వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రోజూ నమస్తే పెట్టేవాడు.

"శాల్వ మీదమ్మా, పూలు మీవి," అన్నాడు. "డబ్బ మీద కంపెనీ స్టిక్కర్ ఉన్నది. పాస్ లేకుంటె ఎట్ల పోనిస్త?"

నాకు ముచ్చటేసింది. ల్యాబ్ నుంచి ఏది బయటికి పోవాలన్నా పాస్ ఉండాలని గేటు వాళ్ళను ఇన్నేళ్ళూ సతాయించింది నేనే. పాస్ పుస్తకం అడిగి, అక్కడే పూలగుత్తి బల్ల మీద పెట్టి రాశాను. వస్తువు, స్టీలు క్యారియర్. తీసుకెళ్ళేది, నేను. అనుమతించింది, నేను. తిరిగి వస్తుందా రాదా అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. రాదు అని టిక్కు పెట్టాను. సంతకం చేశాను. నా ఉద్యోగంలో చివరి సంతకం అదే. సెక్యూరిటీ ఆయన పాస్ చింపి తీసుకుని, మీ బ్యాడ్జి గూడ ఇచ్చిపోవాలె అమ్మా అని మెల్లగా అన్నాడు. మెడలోంచి తీసి ఇచ్చేశాను. మెడ ఖాళీగా అనిపించి, నిజంగానే ఏడుపు వచ్చింది.

క్యారియర్ పడిపోకుండా రెండు చేతులతో పొట్టకు అదుముకుని క్యాబ్ కోసం నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, అది చురుక్కుమనేంత వేడిగా ఉంది. మధ్యాహ్నం తీసి ఉంచిన కూర, సాయంత్రం దాకా.

వెనక్కి తిరిగి చూశాను. అద్దం తలుపు అవతల తెల్లాపూర్ ఆయన చెయ్యి ఊపుతున్నారు. ఎక్కడ వేడి చేశారని నేను అడగలేదు.